ఇంట్లో వెనీలా ఎక్స్‌ట్రాక్ట్ – రెండో పాఠం: తూకం, కోత, ఊరబెట్టడం

మొదటి పాఠంలో వెనీలా కాయల ఎంపిక చూశాం. ఈపాటికి తేమ తక్కువుండే బి గ్రేడ్ కాయలు తెప్పించుకుని, గాలి చొరని కవరులో దాచి ఉంటారు. ఈ పాఠంలో వాటిని ఆల్కహాల్‌లో ఊరబెట్టడానికి సీసాలోకి దించుతాం. పని అరగంటే. కానీ ఇక్కడ చేసిన పొరపాటు చాలాసార్లు ఆరు నెలలకు గానీ బయటపడదు. అప్పటికి కాయలూ దండగ, ఖర్చూ దండగ. కాబట్టి ఒకసారి మొత్తం చదివాకే చాకు చేతికి తీసుకోండి.

కాయ ఎందుకంత ఖరీదో మరోసారి గుర్తు చేసుకుందాం. వెనీలా పువ్వు ఒక్క పూట మాత్రమే విచ్చుకుని ఉంటుంది. తోటల్లో ఆ పూటే మనిషి చేత్తో పరాగసంపర్కం చేయాలి. 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేళ్ల బానిస బాలుడు చూపించిన పద్ధతినే మడగాస్కర్‌లో గానీ, మన పక్కన కర్ణాటక, కేరళ తోటల్లో గానీ ఈనాటికీ వాడుతున్నారు. ఆ తర్వాత తీగ మీదే దాదాపు తొమ్మిది నెలలు, కోశాక వేడినీళ్లలో ముంచడం, చెమర్చనివ్వడం, ఆరబెట్టడం మరికొన్ని నెలలు. అంత కష్టపడి మన ఇంటికొచ్చిన కాయను కొలత లేకుండా ఏదో ఒక సీసాలో పడేయడం న్యాయం కాదు.

లెక్కపెట్టొద్దు, తూచండి

"ఒక కప్పు వోడ్కాకి ఆరు కాయలు" అని చెప్పే వంటకాలు చాలా ఉన్నాయి. ఈ కొలతను నమ్మకండి. పన్నెండు సెంటీమీటర్ల సన్నకాయ రెండు గ్రాములు కూడా తూగకపోవచ్చు. పద్దెనిమిది సెంటీమీటర్ల బొద్దుకాయ నాలుగు గ్రాములు దాటుతుంది. అంటే ఆరు కాయలంటే పదకొండు గ్రాములూ కావచ్చు, ఇరవై నాలుగూ కావచ్చు. ఇంట్లో చేసిన ఎక్స్‌ట్రాక్ట్ "రంగొచ్చింది గానీ రుచి లేదు" అనిపించడానికి మొదటి కారణం ఇదే.

పట్టుకోవాల్సిన లెక్క ఒక్కటే: 100 మిల్లీలీటర్లకు 10 గ్రాముల కాయలు. అమెరికా ఆహార చట్టం ప్రకారం సీసా మీద వెనీలా ఎక్స్‌ట్రాక్ట్ అని రాసుకోవాలంటే గ్యాలన్‌కు 13.35 ఔన్సుల కాయలు పడాలి, ఆల్కహాల్ 35 శాతానికి తగ్గకూడదు. మన కొలతల్లోకి మారిస్తే అది లీటరుకు 100 గ్రాములు. కాబట్టి 180 మి.లీ. క్వార్టర్‌కు 18 గ్రాములు, 375 హాఫ్‌కు 37.5, 750 ఫుల్‌కు 75. మొదటిసారి చేసేవాళ్లు క్వార్టర్‌తోనే మొదలుపెట్టండి. కాయ సైజును బట్టి ఐదు నుంచి పది కాయలతో పనైపోతుంది. చెయ్యి తిరిగాక పెద్ద సీసా పెట్టుకోవచ్చు.

వంటింటి డిజిటల్ కాటా చాలు. కాకపోతే కాయలన్నీ ఒకేసారి పెట్టి తూచండి. గ్రాము వరకే చూపించే కాటా మీద ఒక్కో కాయా విడిగా తూచి కూడితే, ప్రతిసారీ వచ్చే చిన్న తేడాలన్నీ కలిసి రెండు మూడు గ్రాముల తప్పు అవుతుంది.

ఎ గ్రేడ్ కాయలు తెచ్చుకున్నవాళ్లకు ఒక మాట. అవి మెత్తగా, నిగనిగలాడుతూ చూడ్డానికి అందంగా ఉంటాయి గానీ వాటిలో మూడో వంతు వరకు తేమే. బి గ్రేడ్‌లో తేమ పావు వంతుకు మించదు. తెచ్చినవి పారేయక్కర్లేదు, 18 గ్రాముల బదులు 20 వేయండి. తర్వాతి విడతకు మాత్రం బి గ్రేడే తీసుకోండి. తేమకు అంత ధర పెట్టడం ఎందుకు?

ఏ ఆల్కహాల్, ఎంత శాతం

వాసన గల ముఖ్య పదార్థం వెనిలిన్ ఆల్కహాల్‌లో బాగా కరుగుతుంది, చన్నీళ్లలో చాలా కొద్దిగానే కరుగుతుంది. కాయలోని చక్కెరలు, జిగుర్లు మాత్రం నీళ్లలోకే దిగుతాయి. రెండూ రావాలంటే నీళ్లూ ఆల్కహాలూ కలిసి ఉండాలి. 35 నుంచి 45 శాతం మధ్య ఆ పని చక్కగా జరుగుతుంది. మన దగ్గర దొరికే వోడ్కా, రమ్ము, బ్రాందీ సీసాల మీద సాధారణంగా 42.8 శాతం అని ఉంటుంది. కొన్నింటి మీద 25 యు.పి. (అండర్ ప్రూఫ్) అని వేస్తారు, రెండూ ఒకటే. ఏ మార్పూ లేకుండా అలాగే పోసేయొచ్చు.

ఏ వాసనా లేని వోడ్కా అన్ని కేకులకీ సరిపోతుంది. క్రిస్మస్ ప్లమ్ కేకు కోసమే చేసుకుంటుంటే డార్క్ రమ్ బాగుంటుంది, రమ్ము తీపి వాసన కాయ వాసనకు తోడవుతుంది. నారింజ, ఆపిల్ రుచులు కలిపిన వోడ్కాలు వద్దు. ఘాటు తగ్గుతుందని వోడ్కాలో నీళ్లు కలపడం అసలే వద్దు. శాతం పడిపోతే సారం సరిగా దిగదు, బూజుకీ దారి ఇచ్చినట్టే. అలాగని 95 శాతం స్పిరిట్ వెదకొద్దు, అది కాయను ఎండగట్టి బిగుసుకునేలా చేస్తుంది.

ఇది మాత్రం ఖచ్చితంగా వినండి. సర్జికల్ స్పిరిట్, శానిటైజర్, ల్యాబు స్పిరిట్ ఏ పరిస్థితిలోనూ వాడకూడదు. వాటిలో మిథనాల్ లాంటివి ఉండొచ్చు, చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. నాటుసారా కూడా వద్దు. అందులో ఏముందో, ఎంత శాతమో చెప్పేవాళ్లు లేరు.

ఆల్కహాల్ ఇంట్లోకి రానివ్వని కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ల కోసం గ్లిజరిన్ పద్ధతి నాలుగో పాఠంలో వస్తుంది. అది వేరే లెక్క, ఈ కొలతలతో కలపకండి.

సీసా

గాజుదే కావాలి. ప్లాస్టిక్ సీసాలో నెలల తరబడి ఉంచితే ఆ వాసన ఎక్స్‌ట్రాక్ట్‌లోకి వస్తుంది. 180 మి.లీ.కి 250 మి.లీ. పట్టే సీసా తీసుకోండి, మూతి కాస్త వెడల్పుగా ఉంటే మంచిది. గాజు కడిగితే శుభ్రపడుతుంది, మూతతోనే చిక్కు. ఒకప్పుడు ఆవకాయ పెట్టిన సీసా మూత లోపలి రబ్బరు ఎన్నిసార్లు తోమినా ఆవఘాటు వదలదు. ఖాళీ సీసాకి మూత బిగించి రాత్రంతా ఉంచండి. పొద్దున తెరవగానే వాసన చూడండి. ఏమాత్రం తేడా కొట్టినా ఆ మూత పక్కన పెట్టండి. సీసాను మరిగించాల్సిన పనిలేదు, వేడినీళ్లతో కడిగి చుక్క తడి లేకుండా ఆరబెడితే చాలు.

కోత

కాయను పీట మీద అడ్డంగా పరవండి. ఒక కొస కొక్కెంలా వంగి ఉంటుంది, దాన్ని ఎడమచేతి వేళ్లతో అదిమి పట్టుకోండి. చిన్న చాకు మొనను ఆ వంపు పక్కనే గుచ్చి, పైపొర ఒక్కటే తెగేలా రెండో కొస దాకా లాగండి. కింది పొర కూడా తెగేంత బలం అక్కర్లేదు. బొటనవేళ్లతో విప్పితే నల్లటి ముద్ద కనిపిస్తుంది. గసగసాల కంటే సన్నటి గింజలు నూనె జిగురులో అంటుకుని ఉంటాయి. వాసన ఆ జిగురులోనూ, కాయ గోడలోనూ ఉంది. అందుకే గోకి తీయాల్సిన పనిలేదు, తెరిచి ఉంచితే ఆల్కహాల్ లోపలికి వెళ్లి తన పని చేసుకుంటుంది.

ఇప్పుడు కాయను నాలుగైదు సెంటీమీటర్ల ముక్కలు చేయండి. నిలువు కాయలు సీసాలో అందంగా కనిపిస్తాయని చాలామంది అలాగే దించుతారు. పై కొస మునగకుండా బయటే ఉంటుంది, అక్కడే బూజు పడుతుంది. వేళ్లకీ చాకుకీ అంటిన నల్ల ముద్దను పారేయకండి, కొద్ది వోడ్కాతో కడిగి సీసాలోకే పోయండి.

ముక్కలు వేసి, క్వార్టర్ మొత్తం పోసి, మూత గట్టిగా బిగించండి. ఈ పని వెలిగే స్టవ్వుకు దూరంగా చేయండి. త్వరగా అవుతుందని కుక్కర్‌లో పెట్టడం, వేడి చేయడం మేము ఒప్పుకోం. ఆల్కహాల్ ఆవిరి మంట అందుకుంటుంది.

ఊరే కాలం

మొదటి వారం రోజుకోసారి, తర్వాత వారానికోసారి సీసాను బాగా కుదపండి. ఆవకాయను మూడో రోజు తిరగేసి కలిపినట్టే అనుకోండి, అడుగున చిక్కబడింది పైకి రావాలి. ఎండ తగలని అల్మరా చాలు. ఫ్రిజ్ వద్దు, చలికి సారం నెమ్మదిగా దిగుతుంది. స్టవ్వు పైనున్న అర కూడా వద్దు.

రెండు మూడు రోజులకే లేత టీ రంగు వస్తుంది, రెండు నెలలకు డికాషన్‌లా చిక్కబడుతుంది. రంగు చూసి తొందరపడొద్దు. రెండు నెలలప్పుడు మూత తీస్తే ఇంకా సారా వాసనే ముందు కొడుతుంది, అది తప్పు కాదు. కేకులో వేసుకోవచ్చు గానీ, బహుమతిగా ఇచ్చేంత నిండైన రుచి రావడానికి ఆరు నెలలు పడుతుంది. ఏడాదైతే ఇంకా మేలు.

ఈలోగా కంగారు పెట్టేవి రెండున్నాయి. సీసాలో గోధుమరంగు జిగట తీగలు తేలితే అవి కాయలోంచి దిగిన నూనె, జిగుర్లే. కుదిపితే కలుస్తాయి, తర్వాత వడకట్టినప్పుడు పోతాయి. రెండోది, తెరవని కాయల మీద తెల్లటి పొడి. టార్చి వెలుగులో సన్నటి సూదుల్లా తళుక్కుమంటే అది పైకి తేలిన వెనిలిన్, మంచి కాయకు గుర్తు. మెరుపు లేకుండా దూదిలా ఉండి, ముక్కిన వాసన వస్తే బూజు. ఆ కాయ సీసాలోకి వెళ్లకూడదు. సీసాలోనే బూజు కనిపిస్తే గరిటెతో తీసి వాడుకుందామని చూడకండి, మొత్తం పారబోయాల్సిందే.

మూడో పాఠంలోపు చేయాల్సింది

సీసా మీద కాగితం అంటించి నాలుగు విషయాలు రాయండి: ఊరబెట్టిన తేదీ, కాయల బరువు, ఏ ఆల్కహాల్ ఎంత శాతం, వడకట్టే తేదీ. సంక్రాంతికి పంచాలనుకుంటే జూలై మధ్యకల్లా, క్రిస్మస్‌కైతే జూన్ నెలాఖరుకు సీసా సిద్ధమవ్వాలి. కాయలు కొంత పీల్చుకుంటాయి కాబట్టి 180లో 150 నుంచి 160 మి.లీ. చేతికొస్తుందని లెక్క వేసుకోండి. అంటే 50 మి.లీ. చిన్న సీసాలు మూడు. వాటి మీద "ఇందులో ఆల్కహాల్ ఉంది" అని తెలుగులోనే స్పష్టంగా రాయాలి. ఒక చెంచా, అంటే 5 మి.లీ. వేస్తే కేకు మొత్తానికి కలిసే ఆల్కహాల్ రెండు మి.లీ. చిల్లరే, అయినా వాడాలో వద్దో తేల్చుకోవాల్సింది తీసుకునేవాళ్లు.

నెల నిండిన రోజు అర గ్లాసు గోరువెచ్చని పాలలో చెంచా చక్కెర, పావు చెంచా ఎక్స్‌ట్రాక్ట్ కలిపి రుచి చూడండి. ముందు ఏ వాసన తగిలిందో, మింగాక ఏది నిలిచిందో అదే కాగితం మీద రాసి ఉంచండి. మూడో పాఠం ఆ రాతతోనే మొదలవుతుంది.