వానలకు ముందు పశువుల కాపరులు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఒడిశాలోని కోరాపుట్, రాయగడ జిల్లాల్లో జూన్ నడిమికి వానలు పట్టుకుంటాయి కనుక, పశువులున్న మన తెలుగు కుటుంబాలవారు మే నెలలోనే వీటిని చూసుకోవాలి.

హఠాత్తుగా చనిపోయి, ముక్కు నుంచి గానీ మలద్వారం నుంచి గానీ గడ్డకట్టని నల్లటి రక్తం కారుతున్న పశువును కోయకూడదు, తోలు తీయకూడదు, మాంసం పంచకూడదు. అది దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్ కావచ్చు. కళేబరాన్ని కోస్తే క్రిములు గాలి తగిలి సిద్ధబీజాలుగా, అంటే గట్టి పొరతో చావకుండా నిలిచే రూపంలోకి మారి మట్టిలో దశాబ్దాలపాటు నిలుస్తాయి, కోసినవారికీ సోకుతాయి. కోరాపుట్‌లో మనుషులకు సోకిన ఉదంతాలున్నాయి కాబట్టి, మాంసం అమ్మి నష్టం పూడ్చుకోవద్దని మరీమరీ వేడుకుంటున్నాను. పశువైద్యునికి కబురు చేసి, ఆరడుగుల గోతిలో సున్నం చల్లి పూడ్చాలి.

పశువులకు వచ్చే గొంతువాపు, జబ్బవాపు రోగాల టీకాలు తొలకరికి ముందే వేయించాలి, ఎందుకంటే రక్షణ ఏర్పడడానికి 2 నుంచి 3 వారాలు పడుతుంది.

దొమ్మ టీకా వేయించే రోజుల్లో యాంటీబయాటిక్ ఇవ్వకూడదు. టీకాలోని సజీవ క్రిమి చచ్చిపోయి అది వృథా అవుతుంది.

గొర్రెలకు చిటుక రోగం, అంటే లేత మేత అతిగా తిన్నప్పుడు పేగుల్లో విషం పుట్టి హఠాత్తుగా చంపే జబ్బు, రాకుండా టీకా వేయించాలి, ఖాళీ కడుపుతో లేత పచ్చికపైకి వదలకూడదు.

సంతలో కొన్న పశువును 3 వారాలు వేరుగా కట్టాలి.