గవదబిళ్లల రోజులు: ముందు టీకా కార్డు తీసి చూడండి

సంక్రాంతి దాటి మామిడి పూత పట్టే వేళకు మా హన్మకొండ బడుల్లో, హాస్టళ్లలో గవదబిళ్లల మాట వినిపిస్తుంటుంది. పరీక్షలూ అప్పుడే.

ముందు టీకా కార్డు తీయండి. సర్కారు టీకాల్లో 9 నెలలకు, మళ్లీ 16-24 నెలల మధ్య వేసేది ఎంఆర్. అది తట్టుకు, రుబెల్లాకు మాత్రమే. గవదబిళ్లలకు పనిచేసేది ఎంఎంఆర్. "మా పిల్లలకు అన్ని టీకాలూ వేయించినం" అని నేనూ ధీమాగా చెప్పినదాన్నే. ఆ ఒక్క అక్షరం తేడా మా చిన్నోడి చెంపలు వాచాక తెలిసింది. రెండు డోసులు పడితే పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి రక్షణ. పడలేదంటే పిల్లల డాక్టర్‌ను అడగండి. గర్భిణులు మాత్రం ఈ టీకా వేయించుకోకూడదు.

మా వాడు ఆ రోజు పచ్చిపులుసు అన్నం తొలి ముద్దకే చెవి కింద చెయ్యి పెట్టుకుని ఏడ్చాడు. పులుపు తగిలితే లాలాజలం ఊరుతుంది కదా, గ్రంథి వాచి ఉంటే అప్పుడే సలుపు. చూస్తే దవడ మూల కనబడకుండా నిండిపోయి, చెవి తమ్మె పైకి లేచి ఉంది. మర్నాటికి రెండో వైపూ అంతే. అంతకుముందు రెండు రోజులు ఒళ్లు వెచ్చగా ఉంటే ఆటల అలసట అనుకున్నాను. ఆ రెండు రోజులూ బడికెళ్లాడు, పక్కవాడి బాటిల్లో నీళ్లు తాగాడు. వాపు రాకముందే ఇది అంటుకుంటుంది, అదే దీంతో చిక్కు. అంటిన 12 నుంచి 25 రోజుల్లో ఎప్పుడైనా బయటపడొచ్చు. మా పక్కింటి పాపకు పదిహేడో రోజున వచ్చింది.

వాపు మొదలయ్యాక 5 రోజులు బడి మాన్పించాల్సిందే, పరీక్ష ఉన్నా సరే. గ్లాసు, చెంచా, తువ్వాలు వేరు పెట్టండి. ఇది వైరస్, యాంటీబయాటిక్ అడిగి రాయించుకోకండి. జ్వరానికి, నొప్పికి బరువును బట్టి పారాసెటమాల్ చాలు, ఆస్పిరిన్ వద్దు. జావ, పెసరపప్పు వేసి మెత్తగా వండిన అన్నం పెట్టండి, నీళ్లు బాగా తాగించండి.

మా అత్తమ్మ తన బంగారు గొలుసు తెచ్చి వాడి మెడలో వేసింది. వేయనిచ్చాను. వాపు దాంతో తగ్గదు గానీ ఆమె మనసు కుదుటపడింది. సున్నం పట్టు వేస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు, చర్మం కాలుతుంది.

ఈడొచ్చిన మగపిల్లలకు చెంపల వాపు తగ్గే వేళకు వృషణాలు వాచి నొప్పి పెట్టొచ్చు. సిగ్గుతో చెప్పరు, హాస్టల్లో ఉంటే అసలే చెప్పరు. వార్డెన్లు పక్కకు పిలిచి అడగాలి. దీనివల్ల పిల్లలు పుట్టకపోవడం అరుదే గానీ డాక్టర్‌కు చూపించాలి. తీవ్రమైన తలనొప్పితో మెడ బిగిసినా, వాంతులు ఆగకపోయినా, కడుపునొప్పి మెలిపెట్టినా తెల్లారేదాకా ఆగకండి, వరంగల్‌లోని ఎంజీఎం సర్కారు దవాఖానకో దగ్గర్లోని పెద్ద దవాఖానకో తీసుకుపోండి.

అరుదుగా ఒక చెవికి వినికిడి పోతుంది, రెండోది బాగుంటే పిల్లలు గుర్తుపట్టరు. వాపు తగ్గాక ఫోన్ ఒక చెవి దగ్గర, తర్వాత రెండో చెవి దగ్గర పెట్టి రెండు వైపులా ఒకేలా వినిపిస్తోందా అని అడిగి చూడండి.