ఇంటీరియర్ ఫొటోల ఏజెన్సీ నడపడం, 3వ పాఠం: ఫొటో ఎవరిది, ఇల్లు ఎవరిది?

నిలువు గీతలు వంగని, రంగులు సరిగ్గా ఉన్న ఫొటోలే తీసుకోవాలని గత పాఠంలో చెప్పుకున్నాం. ఇప్పుడు వాటితో పాటు రావాల్సిన కాగితాల సంగతి. ఎంత బాగున్న ఫొటో అయినా కాగితం లేకపోతే ప్రకటనకు అమ్మలేం.

మొదట కాపీరైట్. తీసినవాళ్లదేగా అనుకుంటారు చాలామంది. మన 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ అలా అనదు: డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే తొలి హక్కుదారులు. ఆర్కిటెక్టులూ డిజైనర్లూ తమ పని చూపించుకోవడానికి తీయించేవి సరిగ్గా ఇలాంటి ఫొటోలే. కాబట్టి ఫొటోగ్రాఫర్‌ని ముందు ఇలా అడగండి: "ఈ షూట్‌కి మీకు ఎవరైనా డబ్బిచ్చారా అండీ?" ఇచ్చారంటే, హక్కు ఫొటోగ్రాఫర్‌కే ఉంటుందని రాసుకున్న ఒప్పందమైనా చూపించాలి, ఆ క్లయింటు మనకు లైసెన్సయినా రాసివ్వాలి. నోటిమాట పనికిరాదు.

ఆ రాతలో గడువు, ప్రాంతం తప్పకుండా ఉండాలి. గడువు రాయకపోతే చట్టం 5 ఏళ్లకే లెక్కగడుతుంది. ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. అలాంటి ఫొటోని దుబాయ్‌లో టైల్స్ కంపెనీకి అమ్మితే, మన దగ్గర లేని హక్కును అమ్మినట్టే.

తర్వాత ఇల్లు. భవనాన్ని ఫొటో తీసి ప్రచురించడానికి చట్టంలో మినహాయింపు ఉంది. కానీ ఇంటి లోపలి ఫొటో ప్రకటనలో వాడేవాళ్లు ప్రాపర్టీ రిలీజ్, అంటే ఆ ఇంటి ఫొటో వాడుకోవచ్చని రాసిచ్చే అనుమతి పత్రం, అడుగుతారు. సంతకం ఓనర్‌ది కావాలి, అద్దెకున్నవాళ్లది చాలదు. ఫ్లాట్ ఇద్దరి పేర ఉంటే ఇద్దరూ చేయాలి. లైట్లు సర్దకముందే తీసుకోండి. ఇల్లు చేతులు మారాక ఆ సంతకం కోసం తిరగడం చాలా కష్టం.

ఇక ఫైలు తెరిచి, 100 శాతం సైజులో ఎడమ పైమూల నుంచి వరసగా చూడండి. సోఫా వెనక పెయింటింగ్, కింది మూలన చిత్రకారుడి సంతకం: భవనానికున్న మినహాయింపు దీనికి వర్తించదు. చిత్రకారుడు పోయాక కూడా 60 ఏళ్లు హక్కు ఉంటుంది. షోకేసులో పెళ్లి ఫొటో ఉంటే అందులో ముఖాలు. టీపాయ్ మీద కొరియర్ కవరు, దానిపై ఫోన్ నంబరు. ఇవన్నీ షూట్‌కి ముందే తీసేయించాలి. పెయింటింగ్ దించితే మేకూ, దాని వెనక వెలిసిపోని గోడ చతురస్రంగా కనిపిస్తాయి. అందుకే ఫొటోగ్రాఫర్లను సాదా చేనేత గుడ్డ బిగించిన ఫ్రేములు రెండు సైజుల్లో తెచ్చుకోమనండి.

ఇంటి రిలీజ్ లేని ఫొటోని 'ఎడిటోరియల్ మాత్రమే' (వార్తలకీ వ్యాసాలకే, ప్రకటనలకు కాదు) అని గుర్తుపెట్టి ఉంచుకోవచ్చు. కాపీరైట్ తేలనిదాన్ని మాత్రం దేనికీ పెట్టకండి.

అభ్యాసం: మీ దగ్గరున్న 10 ఇంటి ఫొటోలు తీసి, ఒక్కోదానికి ఏ కాగితం తక్కువైందో పక్కన రాయండి. వచ్చే పాఠంలో క్యాప్షన్లు, కీవర్డులు.