మార్పిడి చేసిన రెటీనా కణాలను శరీరం తిరస్కరించకుండా కాపాడుకోవడం ఎలా

రెటీనా (కంటి వెనుక వెలుగును గ్రహించే పొర) కణాల మార్పిడి ఇప్పటికీ చాలావరకు పరిశోధన దశలోనే ఉంది కనుక, అందుకు అంగీకరించే ముందు ఆ కణాలు ఎవరివో తెలుసుకోవాలి. 2014లో జపాన్‌లోని కోబేలో మసాయో తకహాషి బృందం ఒక రోగి చర్మకణాలను ఐపీఎస్ మూలకణాలుగా (దాదాపు ఏ రకం కణంగానైనా ఎదగగల కణాలుగా) మార్చి, వాటి నుంచి పెంచిన రెటీనా వర్ణక కణాల (రెటీనా కింద ఉండి దాన్ని పోషించే రంగు కణాల) పొరను ఆ రోగి కంటిలోనే అమర్చింది. సొంత కణాలే కావడంతో రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడలేదు. దాత కణాలైతే, సొంత కణాలేవో పరాయివేవో శరీరం పోల్చుకునే హెచ్‌ఎల్‌ఏ గుర్తులు ఎంతవరకు కలిశాయో అడగండి. అవి కలిసినా తిరస్కరణ ముప్పు తగ్గుతుందే తప్ప పూర్తిగా తొలగిపోదు.

కంటికి రోగనిరోధక దాడి నుంచి సహజ రక్షణ ఉందన్న మాట విని మందులను తేలికగా తీసుకోకూడదు. ఆ రక్షణలో ముఖ్యభాగం రక్తానికీ రెటీనాకూ మధ్య అడ్డుగోడగా నిలిచే వర్ణక కణాల పొర. రెటీనా మధ్యభాగాన్ని దెబ్బతీసే మాక్యులా క్షీణతలో సరిగ్గా ఆ పొరే దెబ్బతింటుంది, శస్త్రచికిత్స దానిని మరికొంత కదిలిస్తుంది.

నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైన విషయం, ఈ తిరస్కరణ నొప్పి గానీ ఎరుపు గానీ లేకుండానే సాగగలగడం. అందువల్ల చూపు బాగానే ఉందనిపించినా పరీక్షలు మానకూడదు. శస్త్రచికిత్స తర్వాత తొలినాళ్లలో తీసిన ఓసీటీ స్కాన్‌నూ (రెటీనా పొరలను అడ్డకోతలో చూపే చిత్రం) కంటి లోపలి ఫోటోలనూ భద్రపరచి, ప్రతిసారీ కొత్తవాటిని వాటితో పోల్చి చూపమని వైద్యుణ్ణి కోరండి. రెటీనా కింద లేదా లోపల నీరు చేరడం, అమర్చిన వర్ణక కణాల పొర కుంచించుకుపోవడం, ఫ్లోరెసిన్ యాంజియోగ్రఫీలో (రక్తంలోకి రంగు ఎక్కించి కంటి రక్తనాళాలను ఫోటో తీసే పరీక్షలో) రక్తనాళాల నుంచి రంగు కారడం అనుమానించదగిన సంకేతాలు. అయితే పాత వ్యాధి తిరగబెట్టినా నీరు చేరవచ్చు కాబట్టి, ఒక్క సంకేతంతో నిర్ధారణకు రాకూడదు. సరళరేఖలు వంకరగా కనిపించినా, చూపు మసకబారినా తదుపరి అపాయింట్‌మెంట్ వరకు ఆగకుండా వెంటనే కబురు చేయాలి.

రోగనిరోధక శక్తిని అణచే టాక్రోలిమస్ మందు వాడేవారు రక్తంలో దాని స్థాయినీ మూత్రపిండాల పనితీరునూ, స్టెరాయిడ్లు వాడేవారు కంటి ఒత్తిడినీ పరీక్షించుకుంటూ ఉండాలి. దుష్ప్రభావాలు భరించలేనివిగా ఉన్నా మోతాదును సొంతంగా తగ్గించకండి. వైద్యులే క్రమంగా తగ్గించేటప్పుడు తిరస్కరణ తలెత్తే అవకాశం ఉంటుంది కనుక, ఆ వారాల్లో స్కాన్లు ఎప్పుడెప్పుడు తీస్తారో ముందే రాయించుకోండి.