గీజ్ అంకెలు కోడ్‌లో రాయాలంటే ముందు జతలు విడగొట్టండి

ఇథియోపియా, ఎరిత్రియాల్లో మామూలు లెక్కలు మనం వాడే 1, 2, 3లతోనే నడుస్తాయి. కానీ చర్చి పుస్తకాల్లో, క్యాలెండర్లలో, బైబిల్ అధ్యాయాల నంబర్లలో గీజ్ (అక్కడి ప్రాచీన భాష, లిపి) అంకెలు ఇప్పటికీ కనిపిస్తాయి. గ్రీకు అక్షరాల నుంచి వచ్చిన గుర్తులివి, పైనా కిందా చిన్న గీతలతో చాలా అందంగా ఉంటాయి. వీటిని ప్రోగ్రామ్‌లో రాయాల్సి వస్తే తెలుగు అంకెలకు చేసినట్టే 0 నుంచి 9 వరకు ఒక టేబుల్ పెట్టుకుని ఒక్కో అంకె మార్చేద్దామనిపిస్తుంది. అలా చేయకండి, ఇందులో అసలు సున్నానే లేదు.

ఉన్నవి 20 గుర్తులు: 1 నుంచి 9కి తొమ్మిది, 10 నుంచి 90 వరకు పదులకు తొమ్మిది, వందకు ఒకటి, పదివేలకు ఒకటి. యూనికోడ్‌లో ఇవి ఇదే వరుసలో, డెసిమల్‌లో చెప్పాలంటే 4969 నుంచి 4988 వరకు ఉంటాయి. అంటే ఒకట్ల అంకెకు 4968 కలపాలి, పదుల అంకెకు 4977 కలపాలి, వంద 4987, పదివేలు 4988. టేబుల్ కూడా అక్కర్లేదు.

అసలు పని జతలు విడగొట్టడంలోనే ఉంది. కుడి నుంచి రెండేసి అంకెలుగా విడగొట్టి, జతలకు 0, 1, 2 అని నంబర్లు వేయండి. 2016 తీసుకుంటే 20, 16 అవుతుంది. ప్రతి జతలో పదుల గుర్తు, ఒకట్ల గుర్తు రాసి, బేసి నంబరు జత వెనక వంద గుర్తు, సరి నంబరు జత వెనక (0వది వదిలేసి) పదివేల గుర్తు పెట్టాలి. కాబట్టి 2016కి గుర్తులు వరుసగా 20, 100, 10, 6. నాలుగంకెల సంఖ్యకు నాలుగు గుర్తులు రావడం యాదృచ్ఛికమే, 2000కి రెండే వస్తాయి.

తప్పులు దొర్లేది 1, సున్నాల దగ్గర. బేసి జత విలువ 1 అయితే ఆ 1 రాయరు, వంద గుర్తు చాలు. అన్నిటికన్నా ఎడమ జత విలువ 1 అయినా అంతే, ఒక్క 1 అనే సంఖ్యకు తప్ప. 50120 అంటే 5, 10000, 100, 20. జత విలువ సున్నా అయితే బేసి జతకు ఏమీ రాయక్కర్లేదు గానీ సరి జతకు మాత్రం పదివేల గుర్తు ఉండాల్సిందే, అందుకే 10 కోట్లు అంటే పదివేల గుర్తు పక్కనే ఇంకో పదివేల గుర్తు. ఈ ఒక్క నియమం మర్చిపోతే చిన్న సంఖ్యలన్నీ సరిగ్గానే వస్తాయి, పెద్దవి మాత్రం ఎర్రర్ కూడా ఇవ్వకుండా తప్పుగా వస్తాయి, అదే అసలు టెన్షన్.

గీజ్ అంకెల్ని తిరిగి మామూలు సంఖ్యగా మార్చడానికి పైథాన్‌లో ఇంట్ ఫంక్షన్‌ని నమ్ముకోకండి. తెలుగు ౧౨ ఇస్తే అది 12 అని చక్కగా చెప్తుంది, గీజ్ 1 ఇస్తే వాల్యూ ఎర్రర్ ఇస్తుంది, ఎందుకంటే యూనికోడ్ వీటిని డెసిమల్ అంకెలుగా లెక్కించదు. యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని న్యూమరిక్ ఫంక్షన్‌తో ఒక్కో గుర్తు విలువ తీసుకుని, చేతిలో ఉన్న జత ఒకచోట, మొత్తం ఒకచోట పెట్టుకోండి. ఒకట్లు, పదులు వస్తే జతలో కలపాలి. వంద వస్తే జతను (ఖాళీగా ఉంటే 1 అనుకుని) వందతో గుణించి మొత్తంలో కలిపి జతను ఖాళీ చేయాలి. పదివేలు వస్తే జతను మొత్తంలో కలిపి, ఆ మొత్తాన్నే (సున్నా అయితే 1 అనుకుని) పదివేలతో గుణించి, మళ్లీ జతను ఖాళీ చేయాలి. చివర్లో మిగిలిన జతను కలిపేయండి.

డేటాబేస్‌లో మాత్రం మామూలు సంఖ్యే దాచండి, చూపించేటప్పుడే మార్చండి. వెబ్ పేజీలో జాబితాకు నంబర్లు వేయడమే పనైతే సీఎస్‌ఎస్‌లో ఇథియోపిక్-న్యూమరిక్ అనే స్టైల్ ఉంది, ముందు అది చూడండి. అక్షరాల మధ్య ఎడం మాత్రం పెంచకండి, మంచి ముద్రణలో ఆ పైగీతలు, కిందిగీతలు పక్కపక్కన కలిసిపోతాయి, ఎడం పెడితే తెగిపోతాయి. కోడ్ అయ్యాక 1, 100, 101, 10000, 50120, 10 కోట్లు ఇచ్చి అటూ ఇటూ మార్చి చూడండి.