కారు బ్లోయర్ 4లో మాత్రమే తిరుగుతోందా?

1, 2, 3లో పెడితే ఉలుకూ పలుకూ ఉండదు. 4లో పెట్టగానే హోరుమని గాలి. ఈ కంప్లయింట్‌తో నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మోటర్ పోయిందని ముందే తేల్చుకుని వస్తారు. 4లో తిరుగుతోందంటే మోటర్ బతికే ఉంది కదా! నేను ముందు చూసేది రెసిస్టర్‌నే, అంటే కరెంటు తగ్గించి స్పీడ్ తగ్గించే భాగాన్ని. తక్కువ స్పీడ్‌లలో కరెంటు దాని చుట్టల గుండా మోటర్‌కి చేరుతుంది. ఆఖరి స్పీడ్‌లో దాంతో పని లేకుండా నేరుగా వెళ్తుంది. హీటర్‌కైనా ఏసీకైనా బ్లోయర్ ఒకటే, కాబట్టి రెండింట్లోనూ ఇదే తంతు. అసలు ఏ స్పీడూ రాకపోతే మాత్రం ఫ్యూజు, రిలే, ఎర్త్ చూశాకే మోటర్ మీదికి పోవాలి. ఇదంతా నాబ్ తిప్పే బండ్ల సంగతి. ఆటోమేటిక్ ఏసీలో సాధారణంగా రెసిస్టర్ బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది.

చాలా కార్లలో రెసిస్టర్ గ్లవ్ బాక్స్ వెనక, బ్లోయర్ పక్కనే ఉంటుంది. గాలి తగిలి చల్లబడాలని చుట్టలు గాలి దారిలోకి ఉండేలా బిగిస్తారు. బ్యాటరీ మైనస్ తీసి, కప్లర్ (వైర్లు వచ్చి తగులుకునే ప్లాస్టిక్ ప్లగ్) ఊడదీసి, స్క్రూలు విప్పితే బయటికి వచ్చేస్తుంది. అప్పుడే ఆపిన బండైతే కాసేపు ఆగండి, చెయ్యి కాలుతుంది.

మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి కామన్ పిన్నుకీ (అన్ని స్పీడ్‌లకీ ఉమ్మడిగా ఉండేది) మిగతా పిన్నులకీ మధ్య చూడండి. కొద్దిపాటి ఓమ్సే చూపించాలి. ఒక్క పిన్నుకీ రీడింగ్ రాకపోతే చాలావరకు రెసిస్టర్ మీదే ఉండే థర్మల్ ఫ్యూజు పోయినట్టే. ఒకటి రెండు స్పీడ్‌లే రాకపోతే చుట్ట తెగి ఉండొచ్చు, లేదా నాబ్ వెనక స్విచ్ పోయి ఉండొచ్చు. థర్మల్ ఫ్యూజు స్థానంలో వైరు ముక్క అతికించి పంపేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయించుకోకండి. వేడి మితిమీరినప్పుడు కరెంటు ఆపేది అదే. అది లేకపోతే డ్యాష్‌బోర్డ్ లోపలే మంట అంటుకోవచ్చు.

కొత్తది కొనుక్కొచ్చి బిగించేయడం తేలికే. పాతది ఎందుకు కాలిందో చూడకపోతే కొత్తదీ అదే దారి పడుతుంది. కప్లర్‌లో పిన్ను చుట్టూ ప్లాస్టిక్ కరిగినా, మాడినా దాన్నీ మార్చాల్సిందే; వదులు పిన్ను వేడి పుట్టిస్తుంది. మోటర్‌ని చేత్తో తిప్పండి. పట్టేస్తున్నా, కీచుమంటున్నా అది ఎక్కువ కరెంటు లాగుతోందని అనుమానించాలి. ఫ్యాన్‌లో ఎండుటాకులుంటే ఏరేయండి. ఏసీ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోతే గాలి తగ్గి రెసిస్టర్ చల్లబడదు, కాబట్టి అదీ మార్చేయండి.

అన్నీ బిగించాక గ్లవ్ బాక్స్ పెట్టే ముందే అన్ని స్పీడ్‌లూ వేసి చూడండి. తర్వాత బ్లోయర్‌ని 2లో కాసేపు వదిలి, ఆపేసి, కప్లర్ తాకండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే పిన్నులు మళ్లీ చూడాలి.