చెన్నై నుంచి తడ, సూళ్లూరుపేట, దొరవారిసత్రం: చిన్న స్టేషన్లకు లోకల్లో, మెమూలో వెళ్లే పద్ధతి

చెన్నై నుంచి తడకో సూళ్లూరుపేటకో బయల్దేరేటప్పుడు ముందు చూసుకోవాల్సింది పోయే బండి కాదు, తిరిగొచ్చే బండి. గుమ్మిడిపూండి దాకా లోకళ్లు తరచుగానే ఉంటాయి. అది దాటి ఆరంబాక్కం, తడ, అక్కంపేట, సూళ్లూరుపేట దాకా పోయేవి బాగా తక్కువ. సూళ్లూరుపేట దాటాక పొలిరెడ్డిపాలెం, దొరవారిసత్రం లాంటి చోట్లకు మెమూలనే (దాదాపు ప్రతి స్టేషన్లో ఆగే కరెంటు ప్యాసింజర్ బండ్లనే) నమ్ముకోవాలి. ఒక బండి తప్పిపోతే తర్వాతిదానికి గంటలు పట్టొచ్చు. ఆదివారాలు కొన్ని బండ్లు ఉండవు. పట్టాల మరమ్మతుకు లైన్ బ్లాక్ తీసుకున్న రోజుల్లో లోకల్‌ను మధ్యలోనే ఆపి వెనక్కి తిప్పేస్తారు. అందుకే ముందురోజు చూసిన టైమును బయల్దేరే ముందు మళ్లీ సరిచూసుకోండి. బండ్ల రాకపోకలు చూపించే రైల్వే యాప్ ఎన్‌టీఈఎస్‌లో ‘లైవ్ స్టేషన్’ తెరిచి సూళ్లూరుపేట కోడ్ ఎస్‌పీఈ కొడితే రాబోయే కొన్ని గంటల్లో అక్కడికొచ్చే బండ్లన్నీ కనిపిస్తాయి. నాయుడుపేటకు ఎన్‌వైపీ, గూడూరుకు జీడీఆర్. దొరవారిసత్రాన్ని మాత్రం రైల్వేవాళ్లు ‘దొరవారి చత్రం’ అని రాస్తారు. మనం పలికే తీరులో వెతికితే దొరకదు.

లోకళ్లు సెంట్రల్ పెద్ద భవనం నుంచి బయల్దేరవు, పక్కనున్న మూర్ మార్కెట్ కాంప్లెక్స్ స్టేషన్ నుంచి వెళ్తాయి. కొన్ని బీచ్ స్టేషన్ నుంచి మొదలవుతాయి. ఈ రెండు దారులూ కొరుక్కుపేటలో కలుస్తాయి. ఉత్తర చెన్నైలో ఉండేవాళ్లు అక్కడెక్కితే ఏ వైపు నుంచి వచ్చిన బండయినా పట్టుకోవచ్చు. సూళ్లూరుపేటకు సెంట్రల్ నుంచి 83 కిలోమీటర్లు, లోకల్లో రెండు గంటలకు అటూఇటూ. లోకల్లో మరుగుదొడ్డి ఉండదు. పిల్లలు, పెద్దవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు వెంట ఉంటే ఎక్కకముందే స్టేషన్లో ఆ పని చూసుకోవాలి.

ఎక్కువమంది పొరబడేది టికెట్ దగ్గరే. బండి నంబరులో మొదటి అంకె చూడండి. 4 అయితే లోకల్, 6 అయితే మెమూ. ఈ రెండింటికీ ‘ఆర్డినరీ’ టికెట్ చాలు. 1, 2తో మొదలయ్యేవి చాలావరకు ఎక్స్‌ప్రెస్‌లు, వాటికి ‘మెయిల్/ఎక్స్‌ప్రెస్’ టికెట్ కావాలి. సూపర్‌ఫాస్ట్ అయితే జనరల్ పెట్టెకు పైన ఇంకో 15 రూపాయలు. లోకల్ ఆలస్యమైందని ఆర్డినరీ టికెట్‌తో ఎక్స్‌ప్రెస్ ఎక్కేసి దొరికితే చార్జీలో తేడాతో పాటు జరిమానా కూడా కట్టాలి. టికెట్ అసలే లేకపోతే చార్జీ మీద కనీసం 250 రూపాయలు పడుతుంది. ఐదేళ్లు నిండని పిల్లలకు టికెట్ అక్కర్లేదు. ఐదు నిండి పన్నెండు నిండకపోతే అర టికెట్.

రైల్‌వన్ యాప్‌లో కాగితం లేని టికెట్ తీసుకునేవాళ్లు స్టేషన్ బయట ఉండగానే తీసుకోవాలి. లోపలికి అడుగుపెట్టాక జీపీఎస్ అడ్డుకుంటుంది. అప్పుడు గోడ మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి తీసుకోవాలి. చిన్న స్టేషన్లో ఆ కాగితం చిరిగిపోయి ఉండొచ్చు, కౌంటర్ దగ్గర చిల్లర ఇబ్బంది ఉండొచ్చు, కాబట్టి పది రూపాయల నోట్లు కొన్ని జేబులో ఉంచుకోండి. స్క్రీన్‌షాట్ చెల్లదు, యాప్‌లోని ‘షో టికెట్’ చూపించాలి. అది నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది గానీ ఫోన్ ఆరిపోతే మీ దగ్గర టికెట్ లేనట్టే. కౌంటర్ టికెట్‌ను 199 కిలోమీటర్ల లోపు ప్రయాణాలకు ముందురోజు కొని ఉంచుకోవడానికి లేదు. కొన్న మూడు గంటల్లోపు ప్రయాణం మొదలుపెట్టాలి. ఊళ్లో పని ఎంతసేపు పడుతుందో తెలియనప్పుడు తిరుగు టికెట్ స్టేషన్‌కొచ్చే ముందు తీసుకోవడమే మేలు.

ఇక స్టేషన్లో. మధ్య లైన్లు ఎక్స్‌ప్రెస్‌లవి. వెనక నుంచి వేగమైన బండి వస్తుంటే మన బండిని పక్క లూప్ లైన్లో పెట్టి దాన్ని ముందు పంపిస్తారు. బండి కదలట్లేదని దిగి దూరం పోకండి, సిగ్నల్ పడితే మీకోసం ఆగదు. లూప్‌లోకి తీసుకుంటే ప్లాట్‌ఫారం కూడా మారొచ్చు, ఆ ప్రకటన చివరి నిమిషంలో వస్తుంది. అందుకే ఫుట్‌బ్రిడ్జి మెట్ల దగ్గర నిలబడండి. ప్లాట్‌ఫారం చివర్లో ఉంటే మెట్లెక్కి దిగేసరికి బండి వెళ్లిపోతుంది.

ఆ తొందరలో పట్టాలు దాటడం మాత్రం ఎట్టిపరిస్థితుల్లో వద్దు. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా ఉన్నాయి, కానీ అసలు భయపడాల్సింది వాటికి కాదు. చెన్నై–గూడూరు మార్గంలో వేగ పరిమితిని 2022లో గంటకు 110 నుంచి 130 కిలోమీటర్లకు పెంచారు. ఆ వేగంతో వచ్చే బండి అర కిలోమీటరును 14 సెకన్లలో దాటేస్తుంది. నిలబడి ఉన్న లోకల్ వెనక నుంచి పట్టాల మీదికి వస్తే, పక్క లైన్లో వచ్చేది కనపడేసరికే మీద ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను ఎక్కించాలంటే అరగంట ముందే వచ్చి, ఏ ప్లాట్‌ఫారమో స్టేషన్ మాస్టర్ గదిలో అడిగి, మెల్లగా వంతెన దాటించండి. దిగబెట్టడానికి లోపలికి వచ్చేవాళ్లు ప్లాట్‌ఫారం టికెట్ తీసుకోవాలి. పది రూపాయలు, రెండు గంటలు చెల్లుతుంది.